ధూళిని దాటి చూసిన కన్ను: సి.వి. రామన్

1923లో కలకత్తా బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో కె.ఆర్. రామనాథన్ అనే యువకుడు ఒక చిక్కులో పడ్డారు. రంగు అద్దం గుండా వచ్చిన సూర్యకాంతిని ద్రవంలోకి పంపి పక్కనుంచి చూస్తుంటే, అక్కడ ఉండకూడని రంగులో మసక వెలుగు కనిపిస్తోంది. మలినం వల్లే అనుకున్నారు. ద్రవాన్ని శూన్యంలో నెమ్మదిగా, మళ్లీ మళ్లీ బట్టీపట్టి శుద్ధి చేశారు. వెలుగు పోలేదు. బలహీనమైన ఫ్లోరసెన్స్‌గా లెక్కవేసి ఊరుకున్నారు. ఆయన గురువు చంద్రశేఖర వెంకట రామన్‌కు నోబెల్ తెచ్చింది ఆ వెలుగే. కాకపోతే దాన్ని గుర్తుపట్టడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది.

రామన్ 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లి దగ్గర పుట్టారు. తండ్రి విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకుడిగా చేరడంతో చిన్నతనమంతా అక్కడే గడిచింది. 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తయింది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఎం.ఏ. చేసి, 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా వెళ్లారు. పగలు ఆఫీసు, ఉదయం సాయంత్రం ప్రయోగశాల. 1917లో జీతం తగ్గినా ఆ ఉద్యోగం వదిలి కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు.

సముద్రం ఎందుకు నీలం అన్న ప్రశ్న విశాఖ తీరంలో పుట్టిందని చెప్పుకోవడం తెలుగువారికి ఇష్టమే గానీ, రామన్ దాన్ని పట్టుకున్నది 1921లో, ఇంగ్లండ్ నుంచి నర్కుండా ఓడలో తిరిగి వస్తూ. అది ఆకాశపు నీలం ప్రతిబింబమేనని రేలీ అంతటి వాడు చెప్పి ఉన్నాడు. రామన్ ఒక నికోల్ పట్టకంతో నీటి ఉపరితలం మీది ప్రతిబింబాన్ని ఆపేసి చూశారు. నీలం అలాగే ఉంది. అంటే నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయి. అక్కర్లేని వెలుగును ముందు అడ్డుకుని, మిగిలినదాన్ని చూడటం అప్పటినుంచి ఆయన పద్ధతి అయింది.

ప్రయోగశాలలో ఆ అక్కర్లేని వెలుగుకు మూలం ధూళి. ద్రవంలో తేలే ఒక్క నలుసు, దాని చుట్టూ ఉన్న అణువులను కనబడనివ్వనంతగా మెరుస్తుంది. అందుకే అంత శుద్ధి. నేడు గాలి నాణ్యత కొలిచే ధూళి సెన్సర్లలోనూ అమరిక దాదాపు ఇదే: ఒక కాంతి కిరణం, దానికి పక్కగా ఫోటోడయోడ్. తేడా ఏమిటంటే, అక్కడ ధూళే కావలసిన సంకేతం. నలుసు చెదరగొట్టిన వెలుగు పుట్టించే కరెంటు చాలా స్వల్పం. దాన్ని వోల్టేజీగా మార్చే రెసిస్టర్‌లో, వేడి వల్ల కలిగే ఎలక్ట్రాన్ల అలజడే దాన్ని మింగేయగలదు. తర్వాతి యాంప్లిఫయర్ రెండింటినీ కలిపే పెంచుతుంది కాబట్టి, ఆ నాయిస్‌ను మొదటి మెట్టులోనే తగ్గించాలి. రెసిస్టర్లలోని ఆ అలజడి గురించి అమెరికాలో జాన్సన్, నైక్విస్ట్ పత్రాలు వెలువడింది కూడా 1928లోనే. రామన్ దగ్గర ఫోటోడయోడ్ లేదు. చీకటికి అలవాటుపడిన కన్నే ఆయన డిటెక్టర్.

1928 జనవరిలో మరో శిష్యుడు వెంకటేశ్వరన్ గ్లిజరిన్‌లో ఆకుపచ్చని వెలుగు చూశారు. అది బలంగా ధ్రువీకరణం చెంది ఉంది, ఫ్లోరసెన్స్ అలా ఉండదు. ఫిబ్రవరిలో రామన్ ఈ పనిని కె.ఎస్. కృష్ణన్‌కు అప్పగించారు. టెలిస్కోపు కటకంతో కేంద్రీకరించిన సూర్యకాంతి దారిలో ఊదా-నీలం ఫిల్టర్ పెట్టారు. దానికి తోడు పసుపు-ఆకుపచ్చ ఫిల్టర్ కూడా అదే దారిలో పెడితే అంతా చీకటి. ఆ రెండోదాన్ని తీసి కంటి ముందు పెట్టుకున్నా, చెదిరిన వెలుగు రంగు మారకపోయి ఉంటే చీకటే కనిపించాలి. వెలుగు కనిపించింది. ద్రవం మార్చినా కనిపించింది. ఫిబ్రవరి 28న వర్ణపటదర్శినిలో కొత్త రంగు విడిగా తేలింది. మర్నాడే వార్త పత్రికలకు అందింది.

ఆ తొందరకు అర్థం ఉంది. మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌ష్టామ్ సరిగ్గా ఆ రోజుల్లోనే క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే ప్రభావాన్ని చూశారు, ప్రచురించడంలో వెనకబడ్డారు. 1930 నోబెల్ రామన్ ఒక్కరికే వచ్చింది. నేచర్ పత్రికకు పంపిన తొలి ప్రకటన మీద కృష్ణన్ పేరు కూడా ఉంది. బహుమతిలో ఆయనకు వాటా దక్కకపోవడం మీద వాదన ఇప్పటికీ నడుస్తోంది, అది నిరాధారమేమీ కాదు.

తర్వాతి జీవితం బెంగళూరులో. 1933లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, నాలుగేళ్లకే ఆ పదవికి రాజీనామా, 1948లో సొంత పరిశోధనా సంస్థ, 1954లో భారతరత్న. 1970 నవంబర్ 21న కన్నుమూశారు. ఆయన కోరినట్టే సంస్థ ఆవరణలోనే దహనం చేశారు. అక్కడ సమాధి లేదు, ఒక చెట్టు ఉంది.

ఆ మసక వెలుగును ముందుగా చూసిన రామనాథన్ వాతావరణ శాఖలో పనిచేసి, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి తొలి డైరెక్టర్ అయ్యారు. ఆయన పేరు నిలిచింది ఓజోన్ పరిశోధనలో.