శిష్యుని ఆజ్ఞకు లోబడిన గురువు

రేమ్స్ నగరమందలి ప్రధాన దేవాలయ విద్యాలయమున బ్రూనో ఇంచుమించు ఇరువది సంవత్సరములు ఆచార్యుడుగా నుండెను. జర్మనీలోని కొలోన్ నగరమున 1030 ప్రాంతమున జన్మించిన ఈయన ఫ్రాన్సు దేశమున విద్య నార్జించి, అచటనే గురుపీఠము నధిష్ఠించెను. ఆయన శిష్యులలో ఓడో అను యువకుడొకడు. ఆ పేరు పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

అప్పటి ఆర్చిబిషప్పు మనస్సెస్ ధనమిచ్చి పదవిని కొనెనను అపవాదు గలవాడు. బ్రూనో మరికొందరితో కలిసి పోపు ప్రతినిధి యెదుట అతనిపై అభియోగము తెచ్చెను. ఫలితముగా వారి యిండ్లు దోపిడికి గురియయ్యెను. 1080లో మనస్సెస్ పదవీచ్యుతుడయ్యెను. ఆ పీఠమునకు బ్రూనోయే అర్హుడని పలువురు తలంచిరి. కాని ఆయన మనస్సు అప్పటికే లోకమునుండి మరలినది.

1084లో ఆరుగురు సహచరులతో ఆల్ప్స్ ప్రాంతమునకు పోయి, గ్రెనోబుల్ బిషప్పు హ్యూను ఆశ్రయించెను. ఏడు నక్షత్రములు దారి చూపుచున్నట్లు బిషప్పు స్వప్నము గాంచెనని ఐతిహ్యము. ఆయన చూపిన షార్త్రూజ్ లోయ శీతకాలమంతయు మంచుతో మూసికొని యుండును. అచట వారు కుటీరములను, చిన్న దేవాలయమును నిర్మించుకొనిరి. ఏకాంతమున ధ్యానము, చేతిపని, గ్రంథములకు ప్రతులు వ్రాయుట. ప్రార్థనకు మాత్రము కూడుకొనుట. ధనహీనులయ్యును వారు గొప్ప గ్రంథాలయమును సమకూర్చుకొనిరి.

ఆరేండ్లు గడచెను. ఓడో 1088లోనే రెండవ అర్బన్ అను పేర పోపు అయ్యెను. 1090లో ఆయన తన గురువును రోముకు రమ్మని ఆజ్ఞాపించెను. ఉపాధ్యాయులకు ఈ సంకటము సులభముగా బోధపడును. తాను చదువు చెప్పిన బాలుడే నేడు తాను తల యొగ్గవలసిన అధికారి. విధేయత సన్న్యాసికి వ్రతము. ఏకాంతము బ్రూనోకు ప్రాణము. ఆయన బయలుదేరెను. నాయకుడు లేకపోగా సహచరులు చెదరిపోయిరి. పిమ్మట లాండ్విన్ అను నాతడు వారిని తిరిగి చేర్చెను.

ఆస్థానజీవనము బ్రూనోకు సరిపడలేదు. రెజ్జో ఆర్చిబిషప్పు పదవి నిచ్చినను ఆయన స్వీకరింపలేదు. తుదకు శిష్యుడు గురువును ఏకాంతమునకు పోనిచ్చెను, అదియు ఇటలీలోనే. కలాబ్రియా అడవులలో రోజర్ ప్రభువిచ్చిన భూమిలో రెండవ ఆశ్రమము వెలసెను. లాండ్విన్ ఒకసారి అంతదూరము వచ్చి ఆయనను చూచిపోయెను. షార్త్రూజ్‌ను మాత్రము బ్రూనో మరల చూడనే లేదు. 1101 అక్టోబరు 6న కలాబ్రియాలోనే కన్నుమూసెను.

విచిత్రమేమనగా, ఆయన నియమావళి యేదియు వ్రాయలేదు. షార్త్రూజ్ ఐదవ అధిపతి గిగో అచటి ఆచారములను గ్రంథస్థము చేసెను. 1132లో మంచుచరియ విరిగిపడి ఏడుగురు మరణింపగా, ఆశ్రమమును దిగువకు మార్చిరి. కాలక్రమమున ఈ కార్తూసియన్ సంఘము ఐరోపా అంతట వ్యాపించి, ఆశ్రమముల సంఖ్య రెండువందలకు చేరువయ్యెను. 1903లో ఫ్రాన్సు ప్రభుత్వము షార్త్రూజ్ సన్న్యాసులను వెడలగొట్టెను; 1940లో వారు తిరిగివచ్చిరి. నేటికిని ఆ లోయలో నడిరేయి గంట మ్రోగగానే కుటీరముల తలుపులు తెరచుకొనును.