తొమ్మిది దినముల రాణి

ధ్యాన భాగము: కీర్తనలు 146



రాజులమీద ఆశ పెట్టుకొనరాదనియు, వారు మంటిలో కలియునప్పుడు వారి యోచనలును ముగిసిపోవుననియు ఈ కీర్తన నేర్పుచున్నది. అది ఎంత నిజమో 1553వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందు జరిగిన సంగతి చూపుచున్నది. ఆ జూలై నెలలో పెద్దలు ఒక పడుచు పిల్లను తొమ్మిది దినములు రాణిగా నిలిపిరి. ఆమె పేరు లేడీ జేన్ గ్రే.

ఎనిమిదవ హెన్రీ రాజు చెల్లెలు మేరీ ఆమెకు అమ్మమ్మ. జేన్ తండ్రి ఇల్లు బ్రాడ్‌గేట్ అను చోట నుండెను. 1550లో రోజర్ ఆస్కమ్ అను పండితుడు అక్కడికి వెళ్లినప్పుడు, ఇంటివారందరు వేటకు పోయియుండగా, ఆ బాలిక ఒంటరిగా కూర్చుండి ప్లేటో గ్రంథమును గ్రీకు భాషలో చదువుచుండెను. చిన్న తప్పునకైనను తలిదండ్రులు గిల్లుదురనియు, కొట్టుదురనియు, ఉపాధ్యాయుడు మాత్రము మృదువుగా నేర్పును గనుక చదువే తనకు సంతోషమనియు ఆమె ఆయనతో చెప్పెను.

అప్పటి రాజు ఆరవ ఎడ్వర్డు. అతని కాలమున సంఘారాధన ఇంగ్లీషు భాషలో జరుగుచుండెను. 1553లో అతడు జబ్బుపడెను. తండ్రి హెన్రీ మరణశాసనము ప్రకారము, పార్లమెంటు చట్టము ప్రకారము, అతని తరువాత పెద్దక్క మేరీ, ఆమె తరువాత ఎలిజబెతు ఏలవలెను. మేరీ రోమను కతోలిక మతస్థురాలు. తాను స్థిరపరచిన ఆరాధనను ఆమె తీసివేయునని ఎడ్వర్డు భయపడెను. కనుక కిరీటము జేన్‌కు పుట్టబోవు కుమారులకు చెందునని ముందు వ్రాసిన కాగితమును, జేన్‌కును ఆమె కుమారులకును అని దిద్దెను. రాజ్యభారము వహించుచున్న నార్తంబర్లండు ప్రభువు అప్పటికే, ఆ మే నెలలో, తన కుమారుడైన గిల్‌ఫర్డుకు జేన్‌ను పెండ్లి చేసియుండెను.

జూలై 6న ఎడ్వర్డు 15 ఏండ్ల ప్రాయమున చనిపోయెను. 9వ తేదీన పెద్దలు జేన్‌ను పిలిపించి నీవే రాణివని చెప్పిరి. ఆమె నేలపై పడి ఏడ్చెను. తలిదండ్రులు, అత్తమామలు బలవంతపెట్టగా తుదకు ఒప్పుకొనెను. మరునాడు లండను టవర్ కోటలోనికి ఆమెను తోడుకొనిపోయిరి. అత్తవారు గిల్‌ఫర్డును రాజుగా చేయుమనగా, ఆమె సమ్మతింపలేదు.

అయితే ప్రజలు హెన్రీ కుమార్తెయని మేరీ పక్షమున చేరిరి. సంస్కరణ మతస్థులలో సయితము అనేకులు ఆమెకే లోబడిరి. జూలై 19న లండను పట్టణమంతయు మేరీయే రాణియని గంటలు మ్రోగించెను. జేన్‌ను సింహాసనమెక్కించిన తండ్రియే బయటికి వెళ్లి మేరీ పేరు ప్రకటించెను. ఆ కోటయే జేన్‌కు చెరసాల ఆయెను.

నార్తంబర్లండు తన విశ్వాసమును విడిచి ఆగస్టు 22న శిరచ్ఛేదము పొందెను. మేరీ మొదట జేన్‌ను చంప గోరలేదు. నవంబరులో మరణశిక్ష విధింపబడినను దానిని జరిగింపలేదు. జేన్ తండ్రికి క్షమాపణ కూడ నిచ్చెను. కాని 1554 ఆరంభమున జరిగిన తిరుగుబాటులో ఆ తండ్రి మరల చేరెను. చెరలోనున్న కుమార్తె దాని ఫలము అనుభవించెను.

ఆమె మనస్సు త్రిప్పుటకు మేరీ ఫెకెన్‌హామ్ అను గురువును పంపెను. జేన్ మర్యాదతో వాదించెను గాని కదలలేదు. చెల్లెలైన కాథరిన్‌కు తన గ్రీకు క్రొత్త నిబంధనను పంపుచు, తండ్రి భూములకంటె అది నీకు ఎక్కువ లాభమిచ్చునని అందులో వ్రాసెను. ఫిబ్రవరి 12న, భర్త మృతదేహము బండిలో వచ్చుట చూచిన పిమ్మట, తాను వధస్థలమునకు వెళ్లెను. కిరీటమును స్వీకరించుట చట్టవిరుద్ధమని ఒప్పుకొని, అది తాను కోరినది కాదనెను. 51వ కీర్తన చెప్పెను. కండ్లకు గుడ్డ కట్టుకొనిన తరువాత, తల పెట్టవలసిన మొద్దు కానరాక చేతులతో తడవుకొనగా, ఒకరు చేయి పట్టి చూపిరి. అప్పటికి ఆమెకు పదహారు పదిహేడేండ్లు మాత్రమే. పదకొండు దినములకు తండ్రి తలయు పోయెను.

ఎడ్వర్డు తలంపు నెరవేరలేదు. మేరీ అయిదేండ్లు ఏలి, సంస్కరణ మతస్థులను దాదాపు 280 మందిని కాల్పించి, 1558లో సంతానము లేక మరణించెను. ఆమె తలంపును నిలువలేదు. ఎలిజబెతు 44 ఏండ్లు ఏలి 1603లో సంతానము లేకయే పోయెను; కిరీటము స్కాట్లండు రాజునకు చేరెను.

ప్రియులారా, జేన్‌కు పెండ్లిని, కిరీటమును, మరణమును ఇతరులే తెచ్చిరి. ఆమె తనంతట తాను పట్టుకొనినది విశ్వాసమొక్కటే. దానిని ఎవరును తీసికొనలేకపోయిరి. మన ఇండ్లలో రాజ్యములు లేవు. అయినను పొలము కలిసివచ్చునని, పెద్దింటి సంబంధమని ఆడుపిల్ల కన్నీరు చూడక పెండ్లి కుదుర్చు తలిదండ్రులు లేరా? జేన్ తండ్రి తన బిడ్డను ఎక్కడికి నడిపించెనో తలంచుకొనుడి. మన పిల్లలకు భూమి ఇయ్యగలిగిన ఇయ్యుదము. వాక్యము మాత్రము తప్పక ఇయ్యుదము. అందుకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.