గాల్లో బంతి, గోల్‌పై గురి: జాన్ కోల్‌మన్

తన్నిన బంతి నేలను తాకకముందే గాల్లో ఒడిసిపట్టడాన్ని ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో ‘మార్క్’ అంటారు. పట్టిన ఆటగాడికి ప్రత్యర్థుల అడ్డు లేకుండా తన్నే హక్కు దక్కుతుంది. గోల్ ముంగిట ఈ విద్యలో సాటిలేని పేరు జాన్ కోల్‌మన్.

విక్టోరియా రాష్ట్రంలోని పోర్ట్ ఫెయిరీలో 1928లో జన్మించిన ఆయన, 1949లో ఎసెండన్ తరఫున తొలి మ్యాచ్‌లోనే 12 గోల్స్ సాధించారు. ఆ ఏడాది 100, మరుసటి ఏడాది 120 గోల్స్ చేశారు. రెండుసార్లూ టైటిల్ ఎసెండన్‌దే.

అప్పట్లో మైదానం వీడిన ఆటగాడు తిరిగి దిగే వీలు లేదు. బంతి వెంట అలుపెరగక పరుగెత్తే మిడ్‌ఫీల్డ్ ఆటగాళ్లు ముందు వరుస మూలన నిలిచి సేదదీరేవారు. కోల్‌మన్ ఉన్నందున దూరం నుంచి ఎత్తుగా తన్నిన బంతి కూడా గోల్‌గా మారేది; గోల్ దాకా మోసుకెళ్లే శ్రమ వారికి తగ్గేది.

ఒక్కరిపై ఆధారపడితే వచ్చే ముప్పు 1951లో తెలిసింది. ప్రత్యర్థిని కొట్టారన్న అభియోగంపై ఆయనపై నాలుగు వారాల నిషేధం పడింది. ఆయన లేని ఫైనల్లో ఎసెండన్ 11 పాయింట్ల తేడాతో జీలాంగ్ చేతిలో ఓడింది.

1954లో మోకాలి గాయం 25 ఏళ్లకే ఆయన ఆటను ముగించింది. అప్పటికి 98 మ్యాచ్‌లలో 537 గోల్స్ చేశారు. మళ్లీ టైటిల్ కోసం ఎసెండన్ 1962 వరకు వేచి చూసింది. అప్పుడు కోచ్ కోల్‌మనే. 1965లోనూ జట్టును విజేతగా నిలిపారు.

1973లో 44వ ఏట కన్నుమూశారు. లీగ్ దశలో అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడికి 1981 నుంచి ఆయన పేరిటే పతకం అందిస్తున్నారు.