రఘునాథ నాయకుడు

రఘునాథ నాయకుడు 17వ శతాబ్దం పూర్వార్ధంలో తంజావూరు రాజ్యాన్ని పాలించిన తెలుగు నాయకరాజు. ఇతని పాలనాకాలం 1600 నుండి 1634 వరకు అని సాధారణంగా చెబుతారు. యోధునిగా, కవిగా, సంగీత విద్వాంసునిగా ఇతడు ప్రసిద్ధుడు. నేడు దక్షిణ భారతదేశంలో వాయించే 24 మెట్ల వీణ ఇతని ఆస్థానంలో స్థిరపడిందని సంప్రదాయం చెబుతుంది. అందువలననే ఆ వీణకు రఘునాథ మేళ వీణ అనే పేరు వచ్చింది.

వంశం

తంజావూరు నాయకరాజ్యాన్ని స్థాపించినవాడు సేవప్ప నాయకుడు. ఇతని భార్య మూర్తిమాంబ విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల రాణి తిరుమలాంబకు చెల్లెలు. సేవప్ప కుమారుడు అచ్యుతప్ప నాయకుడు, అచ్యుతప్ప కుమారుడు రఘునాథుడు. అచ్యుతప్పకు, రఘునాథునకు కూడా గోవింద దీక్షితులు మంత్రిగా ఉన్నాడు. శాస్త్రాలలోను, సంగీతంలోను గొప్ప పండితుడైన దీక్షితుల ప్రభావం రఘునాథునిపై ఎంతో ఉంది.

యుద్ధాలు

1565లో జరిగిన తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని రాయలసీమలోని పెనుకొండకు, ఆ తరువాత చంద్రగిరికి మారింది. రెండవ వేంకటపతిరాయల కాలంలో గోల్కొండ సేనలు నంద్యాల, గండికోట ప్రాంతాలను ఆక్రమించి పెనుకొండను ముట్టడించాయి. రఘునాథుడు యువరాజుగా ఉన్నప్పుడు చక్రవర్తికి సహాయంగా వెళ్ళి పెనుకొండ వద్ద గోల్కొండ సేనలతో పోరాడినట్లు తంజావూరు ఆస్థాన కావ్యాలు వర్ణించాయి.

1614లో వేంకటపతిరాయలు మరణించగా సింహాసనం కోసం అంతర్యుద్ధం చెలరేగింది. గొబ్బూరి జగ్గరాయడు కొత్త చక్రవర్తి శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చంపించాడు. వెలుగోటి యాచమ నాయకుడు శ్రీరంగరాయల కుమారులలో ఒకడైన రామదేవరాయలను రక్షించి, రఘునాథుని సహాయం కోరాడు. మధుర నాయకుడు జగ్గరాయని పక్షం వహించాడు. 1616-17 ప్రాంతంలో కావేరీ తీరాన తోపూరు వద్ద జరిగిన యుద్ధంలో జగ్గరాయడు మరణించాడు. రామదేవరాయలకు సింహాసనం దక్కింది.

1620లో రఘునాథుడు డేనిష్ వర్తకులతో సంధి చేసుకొని, తరంగంబాడిలో కోట కట్టుకోవడానికి అనుమతినిచ్చాడు. కుంభకోణంలోని రామస్వామి ఆలయం ఇతని కాలపు నిర్మాణమే.

సాహిత్యం

రఘునాథుడు తెలుగులో వాల్మీకి చరిత్రము, రఘునాథ రామాయణము, శృంగార సావిత్రి, నలచరిత్రము మొదలైన కావ్యాలు రచించాడు. చేమకూర వేంకటకవి తన విజయవిలాసమును ఇతనికే అంకితమిచ్చాడు. ఆస్థాన కవయిత్రి రామభద్రాంబ ఇతని జీవితాన్ని సంస్కృతంలో రఘునాథాభ్యుదయము అనే కావ్యంగా వ్రాసింది. మరొక కవయిత్రి మధురవాణి ఇతని తెలుగు రామాయణాన్ని సంస్కృతీకరించింది.

సంగీతం

రఘునాథుడు స్వయంగా వైణికుడు. జయంతసేన రాగాన్ని, రామానంద తాళాన్ని ఇతడు కల్పించాడని ప్రతీతి. సంగీత సుధ అనే శాస్త్రగ్రంథం ఇతని పేరుమీద వెలసింది. అయితే ఆ గ్రంథాన్ని వ్రాసినది తన తండ్రియేనని గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి పేర్కొన్నాడు.

రఘునాథ మేళ వీణ

వీణ దండిపై మెట్లను అమర్చడాన్ని మేళం కట్టడం అంటారు. పూర్వం ఒకే రాగానికి కావలసిన స్వరస్థానాలలో మాత్రమే మెట్లుండే వీణలు వాడుకలో ఉండేవి. వీటికి ఏకరాగ మేళ వీణలని పేరు. రాగం మారినప్పుడు మెట్లను కూడా జరపవలసి వచ్చేది. అన్ని స్వరస్థానాలకు మెట్లున్న వీణను సర్వరాగ మేళ వీణ అన్నారు.

ఈ విభాగాన్ని రఘునాథునికి ముందే రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో వివరించాడు. రామామాత్యుని పోషకుడైన అళియ రామరాయలు కందనవోలు (నేటి కర్నూలు) కోటతో సంబంధమున్న ఆరవీటి వంశానికి చెందినవాడు. కనుక కదలని మెట్లు అనే ఆలోచన మొత్తాన్ని రఘునాథునికే ఆపాదించడం సరికాదు. విజయనగరంలో శాస్త్రబద్ధమైన ఈ ఆలోచన తంజావూరులో స్థిరమైన వాద్యరూపం పొందిందని చెప్పడం సముచితం. వేంకటమఖి తన చతుర్దండీ ప్రకాశికలో వర్ణించిన వీణలలో రఘునాథుని పేరిట ఉన్న మేళ వీణ ఒకటి.

ఒక స్థాయికి 12 మెట్ల చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు ఉంటాయి. పన్నెండవ మెట్టు తంతి పొడవులో సుమారు సగం వద్ద, ఇరవైనాలుగవది నాలుగవ వంతు వద్ద వస్తాయి. ఈ 12 స్థానాల ఆధారంగానే వేంకటమఖి 72 మేళకర్తల పద్ధతిని రూపొందించాడు.

మేళం చెడుట, సవరణ

మెట్లు స్థిరంగా ఉన్నప్పటికీ మేళం శాశ్వతం కాదు. వీణ మెట్లను తేనెమైనం, గుగ్గిలం కలిపి కాచిన నల్లని ముద్దలో నిలుపుతారు. రాయలసీమ వంటి ఎండ ప్రాంతాలలో వేసవి వేడికి మైనం మెత్తబడి మెట్లు కుంగే అవకాశం ఉంది. మీటిన నాదం నిలవకుండా త్వరగా ఆరిపోయినా, జీరగా మ్రోగినా ఈ క్రింది కారణాలను వరుసగా పరిశీలించాలి.

* తంతి పాతబడి తుప్పు పట్టడం. దీనిని ముందుగా మార్చి చూడాలి.
* ఒక మెట్టు కుంగడం. అప్పుడు దానిపై నొక్కిన తంతి తరువాతి మెట్టుకు తగిలి మ్రోగుతుంది.
* మెట్టుపై తంతి రాపిడికి గాడి పడటం.
* గుర్రం (తంతులను మోసే భాగం) పైనున్న లోహపు రేకు వంపు చెడటం. దీనివలన ఖాళీ తంతి కూడా సరిగా పలుకదు.
* దండి వంగడం, లేదా దండికి కుండకు మధ్య అతుకు వదులు కావడం.

తప్పు ఒకే మెట్టు వద్ద ఉంటే ఆ మెట్టునే సరిచేయాలి. అన్ని మెట్ల వద్దా ఉంటే తంతిని, గుర్రాన్ని, దండిని చూడాలి. మైనాన్ని కరగించి మళ్ళీ మేళం కట్టేటప్పుడు నిపుణులు ప్రతి మెట్టును చెవితో శ్రుతి చూసి నిలుపుతారు.

ఎలక్ట్రిక్ గిటారులోనూ ఇటువంటి సమస్యలే ఎదురవుతాయి. అందులో మెట్లు కర్రలోనే దిగి ఉంటాయి కాబట్టి వాటిని జరపడం కుదరదు. మెడ వంపును లోపలి ఉక్కు కడ్డీని త్రిప్పి సరిచేస్తారు. వీణ దండిలో అటువంటి కడ్డీ లేదు. అందువలన దండి కర్ర ఎంపిక, మేళం కట్టేవారి నేర్పు మరింత ముఖ్యమవుతాయి.

వారసత్వం

రఘునాథుని తరువాత అతని కుమారుడు విజయరాఘవ నాయకుడు రాజయ్యాడు. 1673లో తంజావూరు నాయకరాజ్యం అంతరించింది. రాజ్యం పోయినా వీణ మిగిలింది. తంజావూరు వీణకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆంధ్రప్రదేశ్‌లో బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో కళాకారులు పనస కర్రతో వీణలు తయారుచేస్తున్నారు. వాటిపై కూడా మెట్లు ఇరవైనాలుగే.