పుస్తకమును పాఠకుని చేర్చిన రంగనాథన్

పాతరలో దాచిన ధాన్యము ఆకలిగొన్నవానికి అందనిచో, అది పండియు పండనట్టిదే. గ్రంథముల విషయమును ఇట్టిదే. ఎంత గొప్ప గ్రంథమైనను బీరువాలో తాళము వేయబడి, దానిని చదువగోరువాని కంటబడకుండ నున్నచో, అది లేనిదానితో సమానము. ఈ సత్యమును చక్కగా గ్రహించి, మన దేశమందలి విశ్వవిద్యాలయ గ్రంథాలయములకు నూతన జీవము పోసిన మహనీయుడు శియాళి రామామృత రంగనాథన్. ఆయన తమిళ దేశమున పుట్టినవాడైనను, ఆయన కృషిఫలము తెలుగువారికిని సమృద్ధిగా లభించినది.

రంగనాథన్ తంజావూరు జిల్లాలోని శియాళి అను ఊర 1892వ సంవత్సరము ఆగస్టు మాసమున జన్మించెను. ఆయనకు ఆరేండ్ల వయస్సు వచ్చునప్పటికే తండ్రి గతించెను. స్వగ్రామమున ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరెను. 1913లో బి.ఏ. పరీక్షయందును, 1916లో గణితశాస్త్రమున ఎం.ఏ. పరీక్షయందును ఉత్తీర్ణుడయ్యెను. పిదప ఉపాధ్యాయ శిక్షణము పొంది, 1917 మొదలు మంగుళూరు, కోయంబత్తూరు, మద్రాసు నగరములలోని ప్రభుత్వ కళాశాలలలో గణితము బోధించెను. మాటలాడునపుడు ఆయనకు నత్తి వచ్చుచుండెను. అయినను ఆయన వెనుదీయక, ఓర్పుతో ఆ లోపమును క్రమముగా అణచుకొనెను. జీవితాంతము గణితాచార్యుడుగా నుండవలెననియే ఆయన కోరిక.

ఆ కాలమున మద్రాసు విశ్వవిద్యాలయమునకు పుస్తకములు కలవు గాని, వానిని క్రమపరచి నడుపు గ్రంథాలయాధికారి లేడు. 1923లో ఆ విశ్వవిద్యాలయము అట్టి ఉద్యోగము నొకదానిని ఏర్పరచెను. ఆ పదవికి దాదాపు 900 మంది దరఖాస్తులు పెట్టుకొనిరి. వారిలో ఒక్కరికిని గ్రంథాలయ నిర్వహణమున శిక్షణము లేదు. రంగనాథన్ కూడ పరీక్షకుల యెదుటికి పోవుటకు కొలది దినములు ముందు ఒక విజ్ఞానసర్వస్వములో ఆ విషయమును గురించి చదివినంతమాత్రమే. అయినను, గణితమున పరిశోధన చేసినవాడగుటచే ఆయననే ఎన్నుకొనిరి. 1924 జనవరిలో ఆయన ఆ పదవిని స్వీకరించెను.

కాని పట్టుమని కొన్ని వారములైనను గడవకముందే ఆయనకు విసుగు పుట్టెను. తరగతిలో విద్యార్థుల నడుమ మెలగిన వానికి ఆ నిశ్శబ్దమైన గదులు చెరసాలవలె తోచెను. తన గణితబోధన తనకు తిరిగి యిప్పింపుడని ఆయన అధికారులను వేడుకొనెను. వారు ఒక ఉపాయము చెప్పిరి. ఇంగ్లండునకు పోయి అచ్చటి గ్రంథాలయములను చూచి రావలయుననియు, వచ్చిన పిదప గూడ ఇష్టము లేనిచో పాత ఉద్యోగమును ఇత్తుమనియు వారు మాట యిచ్చిరి. ఆ ప్రయాణమే ఆయన జీవితమును మార్చివైచెను.

లండనులోని యూనివర్శిటీ కళాశాలలో గ్రంథాలయ విద్య గరపు శాఖయందు ఆయన చేరెను. బెర్విక్ సేయర్స్ అను పండితుడు ఆయనకు గురువయ్యెను. రంగనాథన్ తరగతి గదిలోని చదువుతో తృప్తి చెందక, అనేక గ్రంథాలయములను స్వయముగా చూచెను. అచ్చట పిల్లలు, కూలివారు, గృహిణులు, పండితులు ఒకే కప్పు క్రింద తమకు కావలసిన పుస్తకములను తీసికొనుచుండుట ఆయనకు ఆశ్చర్యము కలిగించెను. గ్రంథాలయమనగా పుస్తకములను కాపాడు కొట్టు గాదనియు, జ్ఞానమును పంచిపెట్టు సత్రమనియు ఆయనకు అర్థమయ్యెను. అదే సమయమున ఒక లోపమును ఆయన కనిపెట్టెను. ఒక్కొక్క గ్రంథాలయము తన దారిని తాను నడచుచున్నది. అన్నింటికిని ఆధారమగు శాస్త్రము లేదు.

పుస్తకములను విషయానుసారముగా విభజించుటకు అప్పుడు వాడుకలోనున్న పద్ధతులు ఆయనకు నచ్చలేదు. వానిలో ప్రతి విషయమునకును ముందుగానే ఒక గడి నిర్ణయింపబడి యుండును. క్రొత్త విషయము పుట్టినపుడు దానికి చోటు దొరకదు. ఒకనాడు లండనులోని యొక అంగడిలో చిన్న చిన్న లోహపు ముక్కలను మరలతో బిగించి నానావిధములైన బొమ్మలను కూర్చు ఆటవస్తువును ఆయన చూచెను. అవే ముక్కలు ఒకసారి వంతెనయగును. మరియొకసారి బండి యగును. విషయములను గూడ ఇట్లే ముక్కలుగా విడదీసి, కావలసినప్పుడు కూర్చవచ్చును గదా యని ఆయనకు తట్టెను. 1925లో స్వదేశమునకు వచ్చునపుడు ఓడలోనే ఆయన తన పద్ధతికి రూపకల్పన మొదలిడెను. గణితబోధన మాట మరల ఆయన యెత్తలేదు.

ఆ పద్ధతిని ఒక ఉదాహరణముతో తెలిసికొందము. విశాఖపట్టణము జిల్లాలోని చోడవరము ప్రాంతము చెఱకు పంటకు పేరుపొందినది. 2022 మొదలు ఆ పట్టణము అనకాపల్లి జిల్లాలో చేరినది. ఆ సీమలో ఒకానొక కాలమున చెఱకునకు సోకిన తెగులును గూర్చి యెవరైన ఒక గ్రంథము వ్రాసిరనుకొందము. దానిని ఎచ్చట నుంచవలెను? వ్యవసాయములోనా, రోగములలోనా, ఆ జిల్లా చరిత్రలోనా? రంగనాథన్ అట్టి గ్రంథమును చూచి, ఇందలి వస్తువేది, దానికి జరిగినదేమి, ఎచ్చట జరిగినది, ఎప్పుడు జరిగినది అని వరుసగా ప్రశ్నించును. వ్యవసాయము, చెఱకు, తెగులు, ఆ ప్రదేశము, ఆ కాలము అను అంశములకు వేరువేరు గుర్తులున్నవి. ఆ గుర్తులను నియమము ప్రకారము కలిపిన, ఆ పుస్తకమునకు తగిన సంఖ్య యేర్పడును. అంశములను విడదీయుటకు రెండు చుక్కల గుర్తును వాడుటచే దీనికి కోలన్ వర్గీకరణమని పేరు వచ్చెను. ఇది 1933లో గ్రంథరూపమున వెలువడెను. మరుసటి సంవత్సరము పుస్తకముల పట్టికలు వ్రాయు నియమములను గూర్చిన ఆయన గ్రంథము ప్రకటింపబడెను.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఆయన చేసిన మార్పులు సామాన్యమైనవి కావు. అంతకుముందు పాఠకుడు కావలసిన పుస్తకము పేరు చెప్పి, సేవకుడు తెచ్చువరకు నిరీక్షింపవలసి యుండెను. పేరు తెలియనివాని గతి యేమి? రంగనాథన్ బీరువాల యొద్దకు పాఠకులే పోయి చూచుకొనునట్లు ఏర్పాటు చేసెను. పుస్తకములు పోవునని పలువురు అట్టి పనికి జంకు కాలమది. కొన్ని పుస్తకములు పోవుట చిన్న నష్టమనియు, పాఠకుడు వట్టిచేతులతో మరలిపోవుటయే పెద్ద నష్టమనియు ఆయన నిశ్చయము. గ్రంథాలయము తెరచియుంచు వేళలను పెంచెను. ఏ పుస్తకమున ఏ విషయమున్నదో చెప్పి, పాఠకునకు సాయపడుటకే కొందరు ఉద్యోగులను నియమించెను. 1936లో సముద్రతీరమున ఆ గ్రంథాలయమునకు నూతన భవనము లభించెను. ఇరువది సంవత్సరములు ఆయన సెలవు తీసికొనక, దినమునకు పదుమూడు గంటలు పనిచేసెనని ప్రసిద్ధి.

1931లో ఆయన గ్రంథాలయ విద్యకు మూలమగు ఐదు సూత్రములను ఒక గ్రంథమున వివరించెను. పుస్తకములు భద్రపరచుటకు గాక వాడుకొనుటకే యున్నవని మొదటి సూత్రము. ఎట్టి పాఠకునకైనను అతనికి తగిన పుస్తకము దొరకవలెనని రెండవది. ఏ పుస్తకమైనను తనను కోరు పాఠకుని చేరవలెనని మూడవది. పాఠకుని కాలము వృథా కారాదని నాల్గవది. గ్రంథాలయము ప్రాణిజాతివలె నిత్యము పెరుగుచుండునని ఐదవది. ఈ సూత్రములు పైకి తేలికగా తోచును గాని, ప్రతిదినము ఆచరణలో పెట్టుట కష్టము.

ఈ పని యొక్కని చేతిమీదుగా జరుగునది కాదని రంగనాథన్ గ్రహించెను. 1928లో ఆయన పూనికతో మద్రాసు గ్రంథాలయ సంఘము నెలకొల్పబడెను. మరుసటి సంవత్సరమే గ్రంథాలయోద్యోగులకు శిక్షణ తరగతులు ప్రారంభమయ్యెను. తెలుగు దేశమున అంతకుముందే, 1914లో బెజవాడయందు, అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషివలన గ్రంథాలయ మహాసభ జరిగి యుండెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1935లోనే గ్రంథాలయ విద్యకు పాఠ్యక్రమమును ప్రారంభించెను. ఈ విధముగా ఇరుగుపొరుగు ప్రాంతములందు ఒకే ఆశయము మొలకెత్తి పెరిగెను.

1945లో రంగనాథన్ మద్రాసు ఉద్యోగమును విడిచి, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షుడుగా నున్న కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు పోయెను. అచ్చట సుమారు లక్ష గ్రంథములను తానే వర్గీకరించెను. ఇది అద్భుతమైన శ్రమయే. కాని ఒక్కడే లక్ష గ్రంథములను మోయవలసి వచ్చుట ఆనాటి కొరతను గూడ తెలుపుచున్నది. శిక్షణము పొందినవారు చాలినంతమంది లేరు. 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు పోయిన పిమ్మట, ఆయన గ్రంథాలయ శాస్త్రమును ఉన్నత విద్యగా బోధించి, ఆ కొరతను తీర్చుటకు పాటుపడెను.

ఢిల్లీలో ఉన్న కాలముననే మరియొక ముఖ్యకార్యము జరిగెను. ఏ ఒక్క గ్రంథాలయమైనను లోకమందలి శాస్త్ర పత్రికల నన్నింటిని కొనజాలదు. కావున ఏ పత్రిక ఏ ఊరి గ్రంథాలయమున నున్నదో తెలుపు ఉమ్మడి పట్టిక యున్నచో, ఒకచోట లేనిది మరియొకచోటినుండి తెప్పించుకొనవచ్చును. దక్షిణాసియా యందలి శాస్త్ర పత్రికలకు అట్టి పట్టికను రంగనాథన్ తన సహచరులతో కూడి తయారుచేసి 1953లో ప్రకటించెను. ఒక్క రైతు తనకొరకు చక్కెర కర్మాగారమును కట్టుకొనజాలడు. చోడవరము సమీపమున గోవాడలో రైతులందరు కలిసి సహకార పద్ధతిని కర్మాగారము నెలకొల్పుకొనిరి. గ్రంథాలయముల సహకారమును ఇట్టిదే. తన బీరువాలో లేని గ్రంథమును పొరుగువాని బీరువానుండి అందించుట పేదరికము గాదు, తెలివి.

గ్రామముల గూర్చియు ఆయన ఆలోచించెను. ఆయన చిరకాల కృషివలన 1948లో మద్రాసు రాష్ట్రమున పౌర గ్రంథాలయముల చట్టము పుట్టెను. దానిచే జిల్లాకొక గ్రంథాలయ సంస్థ యేర్పడి, ఇంటిపన్నుతోపాటు వసూలగు చిన్న రుసుముతో శాఖలను నడుపు మార్గము కలిగెను. అప్పటికి విశాఖపట్టణము జిల్లా మద్రాసు రాష్ట్రములోనిదే. కావున చోడవరము వంటి ఊళ్ళకును ఆ చట్టము వర్తించెను. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడిన పిదప గూడ అది కొనసాగెను. 1960లో ఆంధ్రప్రదేశమునకు ప్రత్యేకముగ గ్రంథాలయ చట్టము వచ్చెను.

రంగనాథన్ క్రొత్త సాధనములకు ఎన్నడును వెఱచినవాడు కాడు. 1962లో బెంగుళూరునందు, భారతీయ గణాంక సంస్థకు చెందిన ప్రలేఖన పరిశోధన శిక్షణ కేంద్రమును ఆయన నెలకొల్పెను. యంత్ర గణకము మన దేశమునకు అప్పుడే క్రొత్త. దానితో సమాచారమును వెదకు పద్ధతులను గూర్చి ఆ కేంద్రమున పరిశోధన సాగెను. విషయమును అంశములుగా విడదీయు ఆయన పద్ధతి యంత్రమునకు చక్కగా నొప్పినది. ఆయన కోలన్ సంఖ్యలు కఠినములని తలచి పెక్కు గ్రంథాలయములు వానిని స్వీకరింపలేదు. కాని వాని వెనుకనున్న సూత్రము మాత్రము లోకమంతట వ్యాపించెను.

ఆయనకు 1957లో పద్మశ్రీ బిరుదమును, 1965లో జాతీయ పరిశోధనాచార్య పదవియును లభించెను. తాను కూడబెట్టిన లక్ష రూపాయలను మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఇచ్చి, తన భార్య శారద పేర గ్రంథాలయశాస్త్ర ఆచార్య పీఠమును స్థాపింపజేసెను. 1972 సెప్టెంబరు 27వ తేదీన బెంగుళూరునందు ఆయన కన్నుమూసెను. ఆగస్టు 12వ తేదీని మన దేశమున గ్రంథాలయాధికారుల దినముగా జరుపుకొనుచున్నారు.

ఆయన నాటిన విత్తు నేడు వృక్షమైనది. 1988లో ఢిల్లీ గ్రంథాలయములను కలుపుటకు డెల్నెట్ అను వ్యవస్థ యారంభమయ్యెను. 1991లో విశ్వవిద్యాలయ గ్రంథాలయములను కలుపుటకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ అను పథకము మొదలయ్యెను. నేడు దాని కేంద్రము గాంధీనగరమున నున్నది. దేశమందలి పెక్కు విశ్వవిద్యాలయముల పరిశోధన గ్రంథములను ఆ కేంద్రపు శోధ్‌గంగ యను భాండాగారములో ఎవరైనను ఇంట కూర్చుండియే చదువవచ్చును. ఊరు చిన్నదైనను, అచ్చటి విద్యార్థికి దూరపు గ్రంథాలయము దగ్గరయైనది.

అయినను యంత్రము తనంత తాను పుస్తకమును పాఠకుని చేర్చజాలదు. ఎవనికి ఏది కావలెనో కనిపెట్టు మనస్సు, తనయొద్ద లేనిదానిని పొరుగువానినడిగి తెచ్చియిచ్చు స్నేహము, గ్రంథాలయాధికారికి ఎప్పుడును ఉండవలెను. గణితమును ప్రేమించి, అయిష్టముతో గ్రంథాలయమున అడుగుపెట్టిన యువకుడు ఆ పనిలోనే తన జీవితమునకు అర్థమును కనుగొనెను. తనకు దొరికిన పని తాను కోరినది కాకున్నను, దానిని ఇతరులకు ఉపయోగపడునట్లు తీర్చిదిద్దిన వానికి కీర్తి తానై వచ్చునని రంగనాథన్ చరిత్ర మనకు బోధించుచున్నది.