కాటన్ దొర రెండో లెక్క

కోనసీమలో కాటన్ దొర విగ్రహం లేని ఊరి కోసం వెతుక్కోవాలి. ఆయన మనకి అన్నం పెట్టాడని చిన్నప్పట్నుంచీ వింటాం. మన రాకపోకలకీ ఆయన లెక్కలు కట్టాడన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టి 1821లో మద్రాసు వచ్చాడు. కావేరి మీద పనిచేస్తూ, చోళుల కల్లణై చూసి, ఇసుక మీద కూడా ఆనకట్ట నిలుస్తుందని నేర్చుకున్నాడు. కరువులతో చితికిపోయిన గోదావరి జిల్లాలో ఆ పాఠమే పనికొచ్చింది. ధవళేశ్వరంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. నది మధ్య లంకల్ని ఆసరా చేసుకుని నాలుగు ముక్కలుగా కట్టారు. ఆ పనిలో వీణెం వీరన్న ఆయనకి కుడిభుజం.

నా దృష్టిలో అసలు ఇంజనీరింగు కాలువల్లో ఉంది. డెల్టాలో నేల నది గట్టు దగ్గర ఎత్తు, దూరం వెళ్ళేకొద్దీ పల్లం. లెవెల్స్ తీస్తేగానీ కాలువ ఎటు తవ్వాలో తేలదు. పైగా కాటన్‌కి అదే కాలువలో పడవలూ నడవాలి. చిక్కంతా ఇక్కడే. పొలానికి నీరు పారాలంటే వాలు కావాలి. వాలు ఎక్కువైతే ఎదురెళ్ళే పడవ కదలదు, గట్టూ కోసుకుపోతుంది. అందుకే లాకులు: అక్కడక్కడా మెట్టులా మట్టం దించేసి, మిగతా దారిలో వాలు తగ్గించడం. ఒక్కో పడవ కిందికి దిగినప్పుడల్లా లాకు గది పొడవు, వెడల్పు, మట్టాల తేడా గుణిస్తే ఎంతొస్తుందో దాదాపు అంత నీరు కిందికి పోతుంది. లొల్ల లాకుల దగ్గర సెల్ఫీలు దిగుతాం గానీ ఈ గుణకారం ఎవరికి గుర్తుంటుంది?

రాజోలు వైపు నీరివ్వాలంటే వైనతేయ అడ్డం. గన్నవరం దగ్గర 49 ఆర్చీల అక్విడెక్టు కట్టి, నది మీదుగా కాలువనే దాటించేశారు.

దేశమంతా ఇలాగే నదుల్ని కలపాలనీ, బరువులు మోయడానికి రైలు కన్నా పడవే చవకనీ కాటన్ వాదించాడు. 1878లో, 75 ఏళ్ళ వయసులో, పార్లమెంటు కమిటీ ముందూ అదే వాదన. ప్రభుత్వం మాత్రం రైలు వైపే మొగ్గింది. ధాన్యం బస్తాల వరకూ ఆయన లెక్క సరైనదే అనిపిస్తుంది. తొందరలో ఉన్న మనిషి టైముకి ఎంత ఖరీదు కట్టాలన్న దగ్గరే అది బలహీనం. 1899లో ఆయన చనిపోయాడు.

తర్వాత రోడ్లొచ్చి పడవలు పోయాయి. కాకినాడ నుంచి వచ్చిన పట్టాలు గౌతమికి అవతలి గట్టున కోటిపల్లిలో ఆగాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో వాటినీ పీకేసి, మళ్ళీ 2004లో వేశారు. అమలాపురానికి రైలు ఇంకా రాలేదు.