జపాను చరిత్రను శోధించిన కెంఫరు వైద్యుడు

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టును కూర్చుండి, ఒకరు కథ నడుపుచుండగా తక్కినవారు తలకొక పాత్రను వహించి, పాచికలు వేయుచు ఆ కథను ముందునకు సాగించు ఆట యొకటి కలదు. 1974వ సంవత్సరమున అమెరికాలో మొదట అచ్చుపడిన ఈ ఆట నేడు అనేక దేశములందు వ్యాపించియున్నది. దీనికి కథాస్థలమును కల్పించువారిలో కొందరు పూర్వకాలపు జపానును ఎన్నుకొందురు. సామురాయి వీరుల కత్తులును, ఎత్తైన కోటలును యువకుల మనస్సులను ఆకర్షించుట సహజమే. అయితే కత్తిని కోటను చేర్చినంత మాత్రమున అది జపాను కానేరదు. ఆ దేశపు బాటసారి ఏ బాటను నడచెనో, రాత్రి యెచ్చట బస చేసెనో, ఎవరికి భయపడెనో తెలియనిదే కథలోని మనుష్యులు కొయ్యబొమ్మలే యగుదురు. ఇట్టి సంగతులను మూడువందల యేండ్లకు పూర్వమే అపాయముల నడుమ సేకరించిన ఒక వైద్యుని జీవితమును మా విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

ఎంగెల్బెర్టు కెంఫరు 1651వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన జర్మనీదేశమందలి లెంగో పట్టణమున జన్మించెను. తండ్రి అచ్చటి దేవాలయమున బోధకుడు. ఆ దినములలో ఆ పట్టణస్థులు మంత్రగత్తెలని నిందమోపి నిరపరాధులను అనేకులను చంపుచుండిరి. కెంఫరు బంధువగు ఆంద్రెయాసు కోఖు అను బోధకుడు సయితము ఈ నిందకే గురియై 1666లో శిరచ్ఛేదము నొందెను. విచారింపక నమ్మిన మాట ఎంత కీడు చేయగలదో బాలుడగు కెంఫరు తన యింటి చెంతనే చూచెను.

ఆయన జర్మనీ, పోలెండు దేశములందలి పాఠశాలలలో చదివి, పిమ్మట స్వీడనునకు పోయెను. అచ్చటి రాజు 1683లో పారశీకమునకు పంపిన రాయబారవర్గమున వ్రాయసకాడుగా కుదిరి, రష్యా మీదుగా ఇస్పహాను చేరెను. అటుపిమ్మట డచ్చివారి తూర్పుఇండియా కంపెనీలో వైద్యుడుగా ప్రవేశించి, మలబారు తీరమును సింహళమును దాటి 1689లో బటావియా చేరెను. మరుసటి సంవత్సరము సయాము మీదుగా జపానునందలి నాగసాకి రేవున దిగెను.

ఈ డచ్చివారు మన ప్రాంతమునకు క్రొత్తవారు కారు. వలందులని మన పెద్దలు పిలిచినది వీరినే. మన మందసకు దక్షిణముగా నున్న భీమునిపట్టణమునను, ఇంకను దిగువను మచిలీపట్టణమునను వీరికి వర్తకస్థానము లుండెను. మన కోరమండల తీరపు నేతబట్టలు వీరి యోడలలో జపాను వరకును పోయెడివి. జపానువారు ఒక విధమగు చారల బట్టను సాంతోమె అని పిలిచిరి. అది మద్రాసు చెంతనున్న శాంథోము పేరే.

అప్పటి జపాను తలుపులు మూసికొనియున్న దేశము. 1614లో అచ్చటి ప్రభువులు క్రైస్తవమతమును నిషేధించిరి. 1637వ సంవత్సరపు షిమబర తిరుగుబాటు అణచబడిన పిమ్మట, 1639లో పోర్చుగీసువారిని వెడలగొట్టిరి. ఐరోపావారిలో మతము బోధింపక వర్తకము మాత్రమే చేయు డచ్చివారిని నిలువనిచ్చి, 1641లో వారిని నాగసాకి యొడ్డున మట్టిపోసి కట్టిన డెజీమా అను చిన్నదీవిలో నుంచిరి. దాని వైశాల్యము నాలుగెకరములకు లోపు. వంతెన యొకటే, దానిపై కావలి. సెలవులేక డచ్చివారు బయటికి పోరాదు. దుబాసీలు మొదలగువారు తమ దేశపు సంగతులను పరదేశులకు తెలుపమని రక్తముతో చేవ్రాలు చేసి ప్రమాణము చేయవలెను.

ఇట్టి చెరవంటి చోట కెంఫరు రెండు సంవత్సరములుండెను. ఆయన బలిమిచే దేనిని సాధింపలేదు. దుబాసీలకు రోగములు వచ్చినపుడు ఉచితముగా మందిచ్చెను. వారడిగిన వైద్యమును గణితమును నేర్పెను. పానీయము లిచ్చి వారి స్నేహము సంపాదించెను. తనకు పరిచారకుడుగా నియమింపబడిన యువకునికి డచ్చిభాషను వ్యాకరణముతో గూడ నేర్పి, జీతమిచ్చెను. ఆ యువకుడు గురువుకొరకు గ్రంథములు తెచ్చి, వాని యర్థము చెప్పి, రాజుల చరిత్రమును, దేవాలయములను, ధరలను, శిక్షలను గూర్చి వివరించెను. ఈ పని బయలుపడినయెడల కెంఫరునకు దేశబహిష్కారమే. ఆ యువకునికో ప్రాణహాని. ఈ భేదమును మా విద్యార్థులు మరువరాదు.

ప్రతి సంవత్సరమును డచ్చివారు యెడో నగరమునకు పోయి షోగనునకు కానుక లర్పింపవలెను. కెంఫరు 1691, 1692 సంవత్సరములలో రెండుమారులు ఈ ప్రయాణము చేసెను. దిక్సూచిని ఒక పెట్టెలో నుంచి, పైన ఆకులను పూవులను పరచి, మొక్కలను పరీక్షించువానివలె నటించుచు దారి పటమును గీసికొనెను. బాటపై నడచు యాత్రికులను, బిచ్చగాండ్రను, ప్రభువుల పరివారములను, సత్రములను, వంతెనలను చూచినది చూచినట్లు వ్రాసికొనెను. యెడోలో షోగను త్సునయోషి తెరచాటున కూర్చుండి, ఈ పరదేశులను లేచి నడువుమనియు, గంతులు వేయుమనియు, పాడుమనియు, త్రాగినవానివలె నటింపుమనియు ఆజ్ఞాపించెను. పండితుడగు కెంఫరు పాడెను, ఆడెను. ఆ యవమానమును దాచక, కోపముచే అచ్చటివారిని తూలనాడక, ఆ సభను పటముతో సహా తన గ్రంథమున చేర్చెను.

1692లో జపాను విడిచి, మరుసటి సంవత్సరము ఐరోపా చేరి, 1694లో లైడెను విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను. పిమ్మట స్వస్థలమున లిప్పె ప్రభువునకు వైద్యుడాయెను. రోగుల సేవలో కాలమంతయు గడచిపోయెను. 1700లో చేసికొనిన వివాహము సుఖము నీయలేదు. బిడ్డలు పసితనముననే చనిపోయిరి. 1712లో లాటినుభాషలో ఒక గ్రంథమును మాత్రము ప్రకటింపగలిగెను. జపాను చరిత్రము వ్రాతప్రతిగనే యుండగా 1716వ సంవత్సరము నవంబరు 2వ తేదీన మరణించెను. లండను పండితుడగు సర్ హాన్సు స్లోను ఆ కాగితములను కొని, షొయిక్సరు అను యువకునిచే ఇంగ్లీషులోనికి మార్పించి 1727లో ప్రకటించెను. జపాను తలుపులు మూసికొనుటను గూర్చి కెంఫరు వ్రాసిన వ్యాసమును 1801లో షిజుకి తదావొ జపానుభాషలోనికి మార్చెను. దేశమును మూయుట యను అర్థముగల సకోకు అను మాట ఆ యనువాదమునుండియే పుట్టినది.

కెంఫరు వ్రాతలో తప్పులు లేకపోలేదు. జపానువారు బాబేలు గోపురము నొద్దనుండి నేరుగా వచ్చిరని ఆయన ఊహించెను. చక్రవర్తిని మతాధిపతి యనియు, షోగనును లోకాధిపతియగు చక్రవర్తి యనియు వ్రాసెను. కన్నులతో చూచి వ్రాసినచోట ఆయన మాట బలముగా నిలిచినది. ఊహించి వ్రాసినచోట జారినది. అనువాదకుడును మూలమును పలుచోట్ల మార్చెను. ఆ మార్పులను సరిచేసి మూలమునుండి చేసిన క్రొత్త ఇంగ్లీషు అనువాదము 1999లో వెలువడినది.

ఆ యువకుని పేరు గ్రంథమున కానరాదు. రెండువందల యేండ్లకు పైగా లోకమున కది తెలియలేదు. 1990వ సంవత్సర ప్రాంతమున పాతపత్రములను శోధించినవారు అతడు ఇమమురా గెన్యెమొను ఎయిసెయి అని నిర్ణయించిరి. అతడు పిమ్మట నాగసాకిలో ప్రధానదుబాసీ యాయెను. 1709లో, నిషేధమును లక్ష్యపెట్టక జపానున దిగి పట్టుబడిన ఇటలీదేశపు గురువు సిదోత్తిని పండితుడగు అరాయి హకుసెకి విచారించినపుడు, దుబాసీగా నిలిచినవాడును ఇతడే. పేరు బయలుపడకుండుటచేతనే అతడు బ్రతికి, ఆ పదవి నందెనని మేము తలచుచున్నాము.

విద్యార్థులారా, మీరు ఆటకొరకో, నాటకముకొరకో, కథకొరకో పరదేశమును ఊహింపవలసి వచ్చినపుడు, మొదట ఆ దేశపు బాటలను, ధరలను, భయములను తెలిసికొనుడు. తెలిసినదానిని ఒక ప్రక్కను, ఊహించినదానిని వేరొక ప్రక్కను వ్రాసికొనుడు. మీకు సంగతి చెప్పినవాడు అందుచే ఏమి పోగొట్టుకొనవలసి యుండునో విచారింపుడు. అతని పేరు చెప్పుట మేలైన చోట మరువక చెప్పుడు, కీడైన చోట దాచుడు. ఉద్దానపు తోటలలోని మన బ్రతుకును దూరదేశపు బాలుడొకడు తన ఆటలో చేర్చదలచినయెడల అతడెంత జాగరూకతతో విచారింపవలెనని మీరు కోరుదురో, అంత జాగరూకతను మీరును ఇతరులయెడల చూపుడు.